కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు పాత సాటా కేబుల్ తగిలించాను, మూడు డిస్కులూ పోయాయి: డేటా దక్కే దారి ఉందా?

తెనాలి_స్టూడియో (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తెనాలిలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. నాన్నగారు మొదలుపెట్టినదాన్ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ ఒకే సిస్టమ్ మీద ఎడిట్ చేస్తాం. నిన్న సాయంత్రం నా చేతులతోనే ఒక పొరపాటు జరిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెలిసినవారు దయచేసి దారి చూపండి.

మా సిస్టమ్‌లో భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా, అంటే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు ఆరేళ్లు నిండాయి. వీడియో రెండర్ పెట్టగానే సిస్టమ్ ఆగిపోతుండడంతో, అదే కంపెనీవాళ్ల 650 వాట్ల మోడ్యులర్ (కేబుళ్లను విడిగా తగిలించుకునే) ఎస్‌ఎంపీఎస్ కొని తెచ్చాను. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్, గ్రాఫిక్స్ కార్డు కేబుల్ మూడూ కొత్తవే వేశాను. డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా పవర్ కేబుల్ ఒక్కదాన్ని మాత్రం మార్చలేదు. అది మదర్‌బోర్డు పలక వెనక నుంచి వెళ్లి, ఆరు చోట్ల ప్లాస్టిక్ టైలతో బిగించి ఉంది. అవన్నీ కత్తిరించి కొత్తది లాగాలంటే గంట పడుతుంది, మర్నాడు ఉదయమే ఒక ఆల్బమ్ ప్రింటింగ్‌కు పంపాలి. పాత కేబుల్ చివర కొత్త ఎస్‌ఎంపీఎస్ మీద "సాటా" అని రాసి ఉన్న సాకెట్‌లో సరిగ్గా కూర్చుంది, గొళ్లెం కూడా టక్కుమని పడింది. ఇక అనుమానం ఎందుకు వస్తుంది?

స్విచ్ నొక్కగానే ఫ్యాన్లు అర చుట్టు తిరిగి ఆగిపోయాయి. లోపల సన్నగా "టప్" మని ఒక శబ్దం, ఆ వెంటనే బేకలైటు మాడినట్టు వాసన వచ్చాయి. ఏమీ అర్థం కాక మరో రెండుసార్లు స్విచ్ నొక్కాను. ఆ రెండుసార్లూ నొక్కకుండా ఉండాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత సాటా కేబుల్ పీకేసి చూస్తే మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు బాగానే పనిచేస్తున్నాయి, ఆన్ చేయగానే మొదట కనిపించే బయాస్ తెర వస్తోంది. అప్పుడు కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కొత్త సాటా కేబుల్‌నే వేసి, ఒక్కొక్క డిస్కును విడిగా తగిలించి చూశాను. 4 టెరాబైట్ల హార్డ్‌డిస్క్ తగిలిస్తే ఎస్‌ఎంపీఎస్ అసలు ఆన్ కావడం లేదు, తీసేస్తే ఆన్ అవుతోంది. 2 టెరాబైట్ల హార్డ్‌డిస్క్ తగిలిస్తే సిస్టమ్ ఆన్ అవుతోంది గానీ, డిస్కు మీద చెయ్యి పెడితే తిరుగుతున్న కదలిక లేదు, బయాస్‌లోనూ కనిపించడం లేదు. విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ కూడా కనిపించడం లేదు, పైగా ఒక మూల వేలు పెట్టలేనంత వేడెక్కుతోంది.

4 టెరాబైట్ల డిస్కులో మాఘం నుంచి వైశాఖం వరకు తీసిన పెళ్లిళ్ల అసలు ఫైళ్లన్నీ ఉన్నాయి. 2 టెరాబైట్ల డిస్కులో వాటిలో కొన్నిటికి కాపీ ఉంది. రెండూ ఒకే కేబినెట్‌లో, ఒకే కేబుల్ మీద ఉన్నాయి. ఆరు కుటుంబాలకు ఇంకా ఫొటోలు అందలేదు. వాళ్లలో ఒకరి ఇంట్లో పెళ్లయిన నెలకే తాతగారు పోయారు, ఆయన చివరి ఫొటోలు ఆ డిస్కులోనే ఉన్నాయి.

ఒకే కంపెనీ కేబుల్ అయి, సాకెట్‌లో సరిగ్గా పట్టినప్పుడు ఇలా ఎందుకు జరిగింది? డేటా దక్కే అవకాశం ఉందా? ఇదే మోడల్ డిస్కు ఇంకొకటి కొని, దాని కింద ఉండే సర్క్యూట్ బోర్డు తీసి దీనికి బిగిస్తే సరిపోతుందా?

---

బెంగళూరు_అసెంబ్లర్

నమస్కారమండీ. ముందుగా ఒక మాట: ఆ మూడు డిస్కులకూ ఇక కరెంటు ఇవ్వకండి, ముఖ్యంగా ఆ 4 టెరాబైట్ల డిస్కుకు. మీరు రాసిన లక్షణాలు చూస్తే దాని మీద నాకు ఆశ ఉంది. ఎందుకో ఆ పని రోజూ చేసేవారు నాకంటే బాగా చెప్పగలరు. నేను కారణం వరకు చెబుతాను.

సాటా పవర్ ప్లగ్‌లో డిస్కు వైపు 15 పిన్నులు ఉంటాయి. మొదటి మూడు 3.3 వోల్టులు, తర్వాత మూడు గ్రౌండ్, 7 నుంచి 9 వరకు 5 వోల్టులు, మళ్లీ మూడు గ్రౌండ్, 13 నుంచి 15 వరకు 12 వోల్టులు. ఇది ప్రపంచమంతటా ఒకటే. ఏ కంపెనీ ఎస్‌ఎంపీఎస్ అయినా, ఏ కంపెనీ డిస్కు అయినా ఈ వరుస మారదు. కేబుల్ రెండో చివర, అంటే ఎస్‌ఎంపీఎస్‌లో గుచ్చే వైపు, అటువంటి నియమం ఏదీ లేదు. కంప్యూటర్ పవర్ సప్లైలకు ఆధారమైన ఏటీఎక్స్ ప్రమాణం మదర్‌బోర్డుకు, డిస్కులకు చేరే చివరల గురించే చెబుతుంది. డబ్బా నుంచి కేబుల్ బయలుదేరే చోట ఏ పిన్నులో ఏ వోల్టేజీ ఉండాలన్నది తయారీదారు ఇష్టం. ఆరు పిన్నుల ప్లాస్టిక్ సాకెట్ మాత్రం బజారులో దొరికే మామూలు రకమే కాబట్టి అందరూ దాన్నే వాడతారు. అందుకే ప్లగ్ పడుతుంది, గొళ్లెం కూడా పడుతుంది.

అదే కంపెనీ కదా అన్నారు. చాలా కంపెనీలు ఎస్‌ఎంపీఎస్‌లను సొంతంగా తయారుచేయవు, వేర్వేరు ఫ్యాక్టరీల చేత చేయించి పేరు వేసుకుంటాయి. ఒక మోడల్ ఒక ఫ్యాక్టరీలోను, మరో మోడల్ ఇంకో ఫ్యాక్టరీలోను తయారైతే, పైన పేరు ఒకటే అయినా లోపలి పిన్నుల వరుస వేరుగా ఉండవచ్చు. ఒకే ఫ్యాక్టరీవి అయినా పాత తరానికీ కొత్త తరానికీ మధ్య మారిన సందర్భాలున్నాయి. అందువల్ల కంపెనీ పేరును చూసి కాదు, ఏ మోడల్ పెట్టెలో ఏ కేబుల్ వచ్చిందో చూసి మాత్రమే వాడాలి.

మరి అన్ని రక్షణలున్న ఎస్‌ఎంపీఎస్ ఎందుకు కాపాడలేదని చాలామంది అడుగుతారు. ఎక్కువ వోల్టేజీని పట్టే రక్షణ తన 5 వోల్టుల లైను 5 దగ్గర ఉందా, 12 వోల్టుల లైను 12 దగ్గర ఉందా అని తన లోపలే చూసుకుంటుంది. మీ విషయంలో ఆ రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఆ 12 వోల్టులు బయటకు వెళ్లాక ఏ తీగ గుండా ఏ పిన్నుకు చేరాయన్నది దానికి తెలిసే వీలు లేదు. డిస్కులో ఏదో షార్టయి కరెంటు ఒక్కసారిగా పెరిగాకే అది ఆగింది. మీరు చూసిన "ఫ్యాన్లు అర చుట్టు తిరిగి ఆగడం" అదే.

నా మాటను నమ్మి ఊరుకోకుండా మీరే నిర్ధారించుకోవచ్చు, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. పాత కేబుల్‌ను, కొత్త కేబుల్‌ను రెండింటినీ పూర్తిగా బయటికి తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టండి. మల్టీమీటర్‌ను బీప్ వచ్చే కంటిన్యుయిటీ మీద పెట్టి, ఎస్‌ఎంపీఎస్ వైపు ఉన్న ఒక్కొక్క పిన్ను డిస్కు వైపు ఏ పిన్నుకు చేరుతోందో కాగితం మీద రాసుకోండి. కేబుళ్లన్నీ నల్లగా ఉంటాయి కాబట్టి రంగు చూసి ఏమీ తెలియదు. పాత కాలపు నాలుగు పిన్నుల మోలెక్స్ కేబుళ్లకు పసుపు అంటే 12 వోల్టులు, ఎరుపు అంటే 5 వోల్టులు, రెండు నలుపులు గ్రౌండ్ అని చూడగానే తెలిసేది. మోడ్యులర్‌లో అందం కోసం ఆ రంగులు తీసేశారు, దానివల్ల ఇటువంటి పొరపాట్లు పెరిగాయని నా అభిప్రాయం.

---

తెనాలి_స్టూడియో

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే మల్టీమీటర్‌తో రెండు కేబుళ్లనూ చూశాను. కొత్త కేబుల్‌లో ఎస్‌ఎంపీఎస్ వైపు పై వరుసలో ఎడమ పిన్ను డిస్కు వైపు 13, 14, 15 పిన్నులకు చేరుతోంది. పాత కేబుల్‌లో అదే స్థానంలో ఉన్న పిన్ను 7, 8, 9కి చేరుతోంది. 13, 14, 15 పిన్నులకు వెళ్లాల్సినది దాని పక్క పిన్నులో ఉంది. గ్రౌండ్ పిన్నులు రెండింటిలోనూ ఒకే చోట ఉన్నాయి. అంటే 5 వోల్టులు అందాల్సిన చోట 12 వోల్టులు, 12 అందాల్సిన చోట 5 వోల్టులు వెళ్లాయన్నమాట. రెండు కేబుళ్ల ప్లాస్టిక్ తలలనూ పక్కపక్కన పెట్టి ఎంత చూసినా తేడా కనిపించడం లేదు. అచ్చు కూడా ఒకే రకంగా ఉంది.

4 టెరాబైట్ల డిస్కుకు ఆశ ఉందన్నారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను.

---

ఐటీఐ_మాస్టారు

బాబూ, నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ బోధించి రిటైరయ్యాను. మీ వంటి పరిస్థితిని నేను చాలా ఏళ్ల కిందట దగ్గరగా చూశాను కాబట్టి రెండు మాటలు రాస్తున్నాను.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణాన్ని ప్రకటించక ముందు, మదర్‌బోర్డుకు కరెంటు ఒకే ప్లగ్‌తో కాక, ఆరేసి పిన్నుల రెండు ప్లగ్‌లతో వచ్చేది. వాటిని పీ8, పీ9 అనేవాళ్లం. రెండూ ఒకే ఆకారంలో ఉండేవి, ఒకదాని చోట మరొకటి సులువుగా దిగేది. తారుమారు చేస్తే గ్రౌండ్ ఉండాల్సిన చోట వోల్టేజీ, వోల్టేజీ ఉండాల్సిన చోట గ్రౌండ్ పడి బోర్డు అక్కడికక్కడే పోయేది. అందుకే మేము పిల్లలకు మొదటి రోజే "నలుపు పక్కన నలుపు" అని చెప్పి, రెండు ప్లగ్‌ల నల్ల తీగలు మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేలా గుచ్చమనేవాళ్లం. ఒక బ్యాచ్‌లో చాలా నెమ్మదస్తుడైన విద్యార్థి, అందరికంటే జాగ్రత్తగా పనిచేసేవాడు, ఒకరోజు వాటిని తిప్పి గుచ్చాడు. బోర్డు పోయింది. ఆ రోజుల్లో అది మా ల్యాబుకు ఉన్న రెండు బోర్డుల్లో ఒకటి. వాడు వారం రోజులు క్లాసుకు రాలేదు, నేనే ఇంటికి వెళ్లి తీసుకొచ్చాను. ఏటీఎక్స్‌లో 20 పిన్నులు ఒకే ప్లగ్‌లోకి తెచ్చి, ఒక్క వైపు మాత్రమే దిగేలా ఆకారం ఇవ్వడానికి ఇటువంటి అనుభవాలే కారణం. తర్వాత అది 24 పిన్నులయింది. ముప్ఫై ఏళ్ల కిందట మదర్‌బోర్డు వైపు తీర్చిన చిక్కు ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ వైపు మళ్లీ తలెత్తడం నాకు బాధగా ఉంది.

అటువంటిదే మరొకటి కూడా చెప్పాలి. కొన్ని పాత మదర్‌బోర్డుల మీద కేబినెట్ ముందు భాగపు యూఎస్‌బీ కోసం ఒక తొమ్మిది పిన్నుల హెడర్ (ప్లగ్ గుచ్చే పిన్నుల గుంపు), దాని పక్కనే ఫైర్‌వైర్ (వీడియో కెమెరాల వంటివి తగిలించే పాత రకం పోర్టు) కోసం మరొక తొమ్మిది పిన్నుల హెడర్ ఉండేవి. రెండింటిలోనూ ఖాళీ వదిలిన పిన్ను ఒకే చోట ఉండడంతో యూఎస్‌బీ ప్లగ్ ఫైర్‌వైర్ హెడర్ మీద కూడా కూర్చునేది. యూఎస్‌బీకి ఇవ్వాల్సింది 5 వోల్టులు, ఫైర్‌వైర్ హెడర్‌లో ఉండేది 12 వోల్టులు. ఎన్ని పెన్‌డ్రైవులు అలా పోయాయో.

ఇక మీ డిస్కు సంగతి. మీరడిగినట్టు అదే మోడల్ డిస్కు బోర్డు తెచ్చి బిగించడం మేము ఆ రోజుల్లో చేసేవాళ్లం, నాలుగు మరలు విప్పి మార్చేస్తే డిస్కు లేచి కూర్చునేది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతికితే అటువంటి పాత డిస్కులు దొరకవచ్చు. ఇప్పటి డిస్కులకు ఆ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో ఆ పనిలో ఉన్నవారిని అడగడం మంచిది.

---

డేటా_మరమ్మతు

మాస్టారికి నమస్కారం. తెనాలి సోదరా, నేను పన్నెండేళ్లుగా చెడిపోయిన డిస్కుల నుంచి డేటా తీసే పనిలో ఉన్నాను. మీ కేసులాంటివి మా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి. మీరు ఒక్కొక్క డిస్కునూ విడిగా తగిలించి చూసి లక్షణాలు రాయడం చాలా ఉపయోగపడింది, ఎందుకంటే మూడూ మూడు రకాలుగా చెడిపోయాయి. దేనికదే చెబుతాను.

మొదట బోర్డు మార్పిడి గురించి. దయచేసి ఆ పని చేయకండి. మాస్టారు చెప్పినది ఆ కాలపు డిస్కులకు నిజమే. ఇప్పటి హార్డ్‌డిస్కుల్లో డేటా చదివే తలలు, డేటా ఉండే పళ్లేలు ఫ్యాక్టరీలో తయారయ్యాక ప్రతి డిస్కుకూ విడివిడిగా కొలతలు తీసి, ఆ సవరణ విలువలను బోర్డు మీద ఉండే ఎనిమిది కాళ్ల చిన్న రోమ్ చిప్‌లో రాస్తారు. ఆ విలువలు ఆ ఒక్క డిస్కుకే చెందుతాయి. పక్క డిస్కు బోర్డు బిగిస్తే మోటారు తిరుగుతుంది గానీ తలలు చదవలేక టకటకమంటాయి, ఆ తడబాటులో పళ్లెం మీద గీత పడితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. బోర్డు మార్చాల్సి వస్తే పాత బోర్డు రోమ్ చిప్‌ను విప్పి కొత్త బోర్డుకు అతికించాలి. కొన్ని మోడళ్లలో ఆ సమాచారం విడి చిప్‌లో కాక ప్రధాన చిప్ లోపలే ఉంటుంది, అప్పుడు పని ఇంకా కష్టం.

4 టెరాబైట్ల డిస్కు తగిలిస్తే ఎస్‌ఎంపీఎస్ ఆన్ కావడం లేదన్నారు. మిమ్మల్ని ఎక్కువ భయపెట్టిన ఆ లక్షణమే నాకు మంచి కబురు. పవర్ ప్లగ్‌కు దగ్గరలో, బోర్డు మీద, బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దగా, నల్లగా, రెండు కాళ్లతో రెండు భాగాలు కనిపిస్తాయి. వాటిని టీవీఎస్ డయోడ్‌లు అంటారు. ఒకటి 5 వోల్టుల లైనుకు, మరొకటి 12 వోల్టుల లైనుకు కాపలా. 5 వోల్టుల డయోడ్ మామూలుగా ఏమీ చేయదు. వోల్టేజీ 6, 7 వోల్టులు దాటగానే తెరుచుకుని, వచ్చిన కరెంటును గ్రౌండ్‌లోకి మళ్లిస్తుంది. క్షణకాలపు ఉప్పెన అయితే తట్టుకుంటుంది. 12 వోల్టులు ఆగకుండా వస్తే వేడెక్కి, లోపల కరిగి, శాశ్వతంగా షార్ట్ అయిపోతుంది. అలా షార్టయినప్పుడే ఎస్‌ఎంపీఎస్ ఆగిపోతుంది, వెనక ఉన్న చిప్‌లకు 12 వోల్టులు చేరవు. డయోడ్ పోయి డిస్కు మిగలడమంటే ఇదే. మీరు విన్న "టప్" శబ్దం దీనిదో, రెండో డిస్కుదో అయి ఉంటుంది.

నిర్ధారించుకోవడానికి డిస్కును సిస్టమ్ నుంచి పూర్తిగా తీసి, మల్టీమీటర్‌ను కంటిన్యుయిటీ మీద పెట్టి ఆ డయోడ్ రెండు చివరలూ తాకండి. తర్వాత మీటరు కడ్డీలను అటు ఇటు మార్చి మళ్లీ తాకండి. రెండు వైపులా బీప్ వస్తే షార్టయినట్టే. దాన్ని బోర్డు నుంచి తీసేస్తే చాలా కేసుల్లో డిస్కు మామూలుగా తిరుగుతుంది, ఎందుకంటే ఆ డయోడ్ కాపలా మాత్రమే, డిస్కు పనిలో దానికి భాగం లేదు. అయితే అది లేని డిస్కుకు ఇక ఏ రక్షణా ఉండదు కాబట్టి డేటా కాపీ చేసుకోవడానికి ఒక్కసారే దాన్ని తిప్పాలి, మళ్లీ వాడుకలో పెట్టకూడదు.

2 టెరాబైట్ల డిస్కు కథ వేరు. ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతోంది, డిస్కు తిరగడం లేదు. అంటే లైను షార్ట్ కాలేదు, తెగిపోయింది. డయోడ్‌కు ముందు ఉండే ఫ్యూజో, ఫ్యూజులా పనిచేసే సున్నా ఓమ్‌ల రెసిస్టరో కాలి ఉండవచ్చు, లేదా మోటారును నడిపే చిప్ పోయి ఉండవచ్చు. ఫ్యూజు దగ్గర తీగ ముక్క అతికించి చూద్దామని కొందరు సలహా ఇస్తారు. ఆ ఫ్యూజు ఎందుకు కాలిందో తెలియకుండా అతికిస్తే, మిగిలిన చిప్‌లను కూడా కాల్చడమే అవుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు.

ఎస్‌ఎస్‌డీ సంగతి చెప్పడానికి మనసు రావడం లేదు గానీ, చెప్పక తప్పదు. సాటా ఎస్‌ఎస్‌డీ పూర్తిగా 5 వోల్టుల మీదే నడుస్తుంది. 12 వోల్టులు నేరుగా దాని పవర్ చిప్‌కు తగిలాయి, మీరు చెప్పిన వేడి మూల అదే. డేటా ఉండే ఫ్లాష్ చిప్‌లు బాగానే ఉండవచ్చు. కానీ ఇప్పటి చాలా ఎస్‌ఎస్‌డీల్లో కంట్రోలర్ (మొత్తాన్ని నడిపే ప్రధాన చిప్) తానే ఒక కీతో డేటాను గుప్తంగా మార్చి, ముక్కలుముక్కలుగా చిప్‌లన్నిటి మీదా పరుస్తుంది. చిప్‌లు పీకి చదివినా అర్థం లేని అంకెలే వస్తాయి. పవర్ భాగాన్ని బాగుచేసి అదే కంట్రోలర్‌ను మళ్లీ బతికించగలిగితేనే డేటా వస్తుంది. అందులో విండోస్, సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉంటే ఖర్చు పెట్టవద్దు.

---

తెనాలి_స్టూడియో

ఎస్‌ఎస్‌డీలో విండోస్‌తో పాటు ఆల్బమ్ డిజైన్లు కొన్ని ఉన్నాయి, అవి మళ్లీ చేసుకోగలను. అసలు ఫొటోలు మళ్లీ తీయలేను. 4 టెరాబైట్ల డిస్కు బోర్డు మీద మీరు చెప్పిన రెండు నల్ల భాగాలూ కనిపించాయి. ఒకదానికి ఒక వైపే ఏదో విలువ చూపుతోంది, బీప్ లేదు. రెండోదానికి ఎటు తాకినా బీప్ వస్తోంది. దాని నడుమ సూదిమొనంత బూడిదరంగు మచ్చ కూడా ఉంది.

మా వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి దగ్గర వేడిగాలి మెషీన్ ఉంది, చేతి పని బాగుంటుంది. అతని చేత తీయించవచ్చా? డిస్కుకు ఇంకా ఏడాది వారంటీ ఉంది, అది పోతుందేమో అని ఇంకో సందేహం.

---

డేటా_మరమ్మతు

వారంటీ కింద కంపెనీ ఇచ్చేది వేరే డిస్కు. మీ డిస్కు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, అందులోని ఫొటోలు తిరిగి రావు. పైగా వైరింగు పొరపాటుతో కాలినదానికి వారంటీ వర్తించదు. కాబట్టి దాన్ని మరచిపోండి.

మీ మచ్చ, మీ బీప్ రెండూ నేను చెప్పినదాన్నే బలపరుస్తున్నాయి. సెల్‌ఫోన్ అబ్బాయి సంగతికొస్తే, నైపుణ్యం ఉన్న చెయ్యి అయితే రెండు నిమిషాల పని. డిస్కు మీ సొంత సినిమాలదో, పాటలదో అయి ఉంటే సరేననేవాణ్ని. ఇందులో ఆరు కుటుంబాల ఫొటోలు ఉన్నాయి, వేరే కాపీ లేదు. వేడిగాలి పక్కనున్న చిన్న భాగాలను కదిలించినా, లాగేటప్పుడు రాగి పట్టీ లేచినా, చేతిలో ఉన్న సులువైన కేసు కష్టమైన కేసవుతుంది. మీకు గంట దూరంలో విజయవాడ ఉంది, అక్కడ డిస్కుల పని మాత్రమే చేసేవారు దొరుకుతారు. ఇవ్వడానికి ముందు వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: బోర్డును డిస్కు నుంచి విప్పాకే వేడి పెడతారా? మొదటిసారి తిప్పగానే సెక్టారు సెక్టారుగా మరో డిస్కు మీదికి కాపీ తీస్తారా? రెండింటికీ అవునంటేనే ఇవ్వండి. పైమూత తెరిచి చూస్తామని ఎవరైనా అంటే ఆ డిస్కును వెనక్కి తెచ్చేయండి. మీ డిస్కు లోపల ఏమీ చెడలేదు, దుమ్ములేని గది కాని చోట మూత తీస్తే అప్పుడు చెడుతుంది.

4 టెరాబైట్లు పట్టే ఖాళీ డిస్కు ఒకటి వెంట తీసుకెళ్లండి.

---

ఐటీఐ_మాస్టారు

బోర్డు మార్పిడి విషయంలో నేను చెప్పిన పాత పద్ధతిని సరిదిద్దినందుకు సంతోషం నాయనా. రోమ్ చిప్ గురించి నాకు తెలియదు. బాబూ, ఆయన చెప్పినట్టే చెయ్యి. ఆ ఆరు కుటుంబాలకూ ముందే ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పు, వాళ్లంతట వాళ్లు అడిగేదాకా ఆగకు.

---

తెనాలి_స్టూడియో

ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. మాస్టారు చెప్పినట్టు ఆరు ఇళ్లకూ ఫోన్ చేశాను. ఐదుగురు అర్థం చేసుకున్నారు, ఒకరు కోప్పడ్డారు, వాళ్ల కోపం న్యాయమే. తాతగారు పోయిన ఇంటివాళ్లు మాత్రం ఏమీ అనకుండా, "ఆయన ఫొటోలు వస్తే ముందు అవి పంపు బాబూ" అన్నారు.

విజయవాడలో రెండు చోట్ల అడిగి, మీ రెండు ప్రశ్నలకూ అవునన్నవారికి ఇచ్చాను. నా ఎదుటే ఆరు మరలు విప్పి, బోర్డు విడదీసి, చుట్టుపక్కల భాగాలకు వేడి తగలకుండా పసుపురంగు టేపు అంటించి, ఆ డయోడ్‌ను తీశారు. తీశాక ఆ చోట మీటరు పెడితే బీప్ రాలేదు. బోర్డు తిరిగి బిగించి, విడి పవర్ ఉన్న డాక్‌లో (డిస్కును బయటి నుంచి కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) పెట్టి ఆన్ చేశారు. పళ్లేలు తిరుగుతున్న ఆ సన్నని హోరు వినేసరికి నాకు కన్నీళ్లు ఆగలేదు. 3 టెరాబైట్ల పైచిలుకు డేటా ఉన్న డిస్కును మొదటి సెక్టారు నుంచి చివరిదాకా కాపీ తీయడానికి దాదాపు తొమ్మిది గంటలు పట్టింది. ఒక్క సెక్టారు కూడా చదవకుండా పోలేదు. తాతగారి ఫొటోలు ఆ రాత్రే వాళ్లింటికి పంపాను.

2 టెరాబైట్ల డిస్కులో మోటారు నడిపే చిప్ కాలిందని తేలింది. అందులో ఉన్నవన్నీ పెద్ద డిస్కులో దొరికాయి కాబట్టి దాని మీద ఇక ఖర్చు పెట్టలేదు. ఎస్‌ఎస్‌డీని వదిలేశాను. ఇప్పుడు కొత్త కాపీ ఒకటి స్టూడియోలో, మరొకటి కేబినెట్‌కు సంబంధం లేకుండా ఇంట్లో బీరువాలో ఉన్నాయి.

పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు ఒక సంచి నిండా ఉన్నాయి. వాటిని ఏం చేయమంటారు? పారేస్తే ఎవరైనా ఏరుకుని వాడతారేమోనని భయంగా ఉంది.

---

బెంగళూరు_అసెంబ్లర్

చాలా సంతోషమండీ. పాత ఎస్‌ఎంపీఎస్ మళ్లీ వాడేది లేదు కాబట్టి, ఆ కేబుళ్లకు ఎస్‌ఎంపీఎస్‌లో గుచ్చే వైపు ప్లగ్‌లను కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి, ఆ తర్వాతే పాత ఇనుప సామానుకు వేయండి. కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చి మీరు వాడని కేబుళ్లను మాత్రం దాని మోడల్ పేరు రాసిన కవరులో పెట్టి, ఆ కవరును కేబినెట్ లోపలే ఒక మూల అంటించండి.

---

తెనాలి_స్టూడియో

ఇప్పుడే పదకొండు ప్లగ్‌లు కత్తిరించాను. కవరు మీద మోడల్ పేరు, కొన్న తేదీ రాసి కేబినెట్ లోపల అంటించాను. అందరికీ మరోసారి నమస్కారాలు.